నీతికీ ధర్మశాస్త్రానికీ నడుమ మార్టిన్ లూథర్

మానవుడు దేవుని యెదుట నీతిమంతుడయ్యేది ధర్మశాస్త్రాన్ని ఆచరించడం వలననా, విశ్వాసం వలననా? క్రైస్తవ లోకాన్ని రెండుగా చీల్చిన ఈ ప్రశ్న మొదట ఒక యువకుని అంతరంగంలో పుట్టిన వేదన. ఆయనే మార్టిన్ లూథర్.

1483 నవంబరు 10న జర్మనీలోని ఐస్లెబెన్‌లో ఆయన జన్మించాడు. తండ్రి హాన్స్ రాగి గనుల పనిలో పైకి వచ్చినవాడు. కుమారుడు న్యాయవాది కావాలని ఆయన కోరిక. కాని 1505 జూలైలో ప్రయాణ మధ్యంలో పిడుగుపాటుకు భీతిల్లిన లూథర్, ప్రాణం దక్కితే సన్యసిస్తానని మొక్కుకున్నాడు. తండ్రి ఆగ్రహించినా వినక ఎర్ఫర్ట్‌లోని అగస్టీనియన్ మఠంలో చేరాడు.

అక్కడ ఉపవాసాలు, జాగరణలు, గంటల తరబడి పాపపు ఒప్పుకోలు సాగించినా మనశ్శాంతి లభించలేదు. ఎంత చేసినా చాలదన్న భయమే వెంటాడింది. 1512లో విటెన్‌బర్గ్‌లో వేదాంత పండితుడై, కీర్తనలను, రోమీయులకు, గలతీయులకు వ్రాసిన పత్రికలను బోధిస్తున్న కాలంలో ఆయనకు క్రమంగా ఒక వెలుగు కనిపించింది. దేవుని నీతి అంటే పాపిని శిక్షించే నీతి మాత్రమే కాదు. విశ్వసించిన వానికి కృపచేత ఉచితంగా దొరికే నీతి అని ఆయన గ్రహించాడు.

ఆ రోజులలో పాపపరిహార పత్రాల విక్రయం జోరుగా సాగేది. దానిని ప్రశ్నిస్తూ 1517 అక్టోబరు 31న లూథర్ 95 ప్రతిపాదనలను వెలువరించాడు. 1519లో లైప్‌జిగ్‌లో యోహాన్ ఎక్ అనే పండితునితో జరిగిన వాదంలో పోపులు, మహాసభలు సైతం పొరబడవచ్చునని చెప్పవలసి వచ్చింది. 1521 జనవరిలో ఆయనను సంఘం నుండి వెలివేశారు. ఏప్రిల్‌లో వర్మ్స్ సభలో చక్రవర్తి సమక్షంలోనూ తన రచనలను ఉపసంహరించుకోలేదు. వార్ట్‌బర్గ్ కోటలో అజ్ఞాతవాసం చేస్తూ కొత్త నిబంధనను జర్మన్ భాషలోనికి అనువదించాడు. అది 1522లో అచ్చయింది. 1525లో పూర్వ సన్యాసిని కాథరీనాను వివాహమాడాడు.

అయితే ఆయనకు కఠిన పరీక్ష స్వజనం నుండే ఎదురయింది. రక్షణ విశ్వాసం వలననే అయితే ధర్మశాస్త్రాన్ని బోధించడమెందుకని 1537 నుండి వాదించినవాడు యోహాన్ అగ్రికోలా. ఐస్లెబెన్‌లోనే పుట్టినవాడు, లూథర్‌కు శిష్యుడు, మిత్రుడు. ధర్మశాస్త్రం రక్షించదని జీవితమంతా చెప్పిన లూథర్, ఇప్పుడు దాని పక్షాన నిలిచాడు. అద్దం ముఖంమీది మసిని కడగదు. కాని మసి ఉన్నదని తెలియనివాడు నీటికోసం వెదకడు. ధర్మశాస్త్రం చేసే పని అదేనని ఆయన భావం. అది దుర్మార్గాన్ని అదుపులో ఉంచుతుంది, పాపాన్ని చూపుతుంది. రక్షించేది మాత్రం కృపయే. సత్క్రియలు రక్షణకు వెల కావు, ఫలాలు. 1529లో ఆయన రచించిన చిన్న ఉపదేశ గ్రంథం పది ఆజ్ఞలతోనే మొదలవుతుంది. అగ్రికోలా 1540లో బెర్లిన్‌కు వెళ్ళిపోయాడు. వారి స్నేహం మళ్ళీ అతకలేదు.

లూథర్ లోపాలు లేనివాడు కాడు. 1525లో తిరుగుబాటు చేసిన రైతులపై కఠినంగా వ్రాశాడు. 1543లో యూదులను ద్వేషిస్తూ ఆయన వ్రాసిన గ్రంథాన్ని తరువాతి కాలంలో లూథరన్ సంఘాలే తిరస్కరించాయి. కృపను బోధించినవాడే తోటి మానవుల యెడల దానిని మరచిన సందర్భాలివి.

1546 ఫిబ్రవరి 18న, పుట్టిన ఊరిలోనే ఆయన కన్నుమూశాడు. ఆయన లేవనెత్తిన వాదం మరునాడే ముగియలేదు. 1547లో ట్రెంట్ మహాసభ ఆయన బోధను ఖండించింది. 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో కాథలిక్కులు, లూథరన్లు నీతిమంతులుగా తీర్చబడుట అనే అంశంపై ఉమ్మడి ప్రకటనపై సంతకాలు చేశారు.

ఆయన పరంపర తెలుగువారికీ చేరింది. మద్రాసులో సేవచేసిన లూథరన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్ తెలుగు నేర్చి వ్యాకరణం రచించాడు. 1842లో జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ గుంటూరు చేరాడు. నేటికీ తెలుగు లూథరన్ గుడులలో పిల్లలు పది ఆజ్ఞలను, విశ్వాస ప్రమాణాన్ని కలిపి నేర్చుకుంటారు. ఒకటి మసిని చూపేది, మరొకటి నీటి దారి చెప్పేది.