మైనపు నమూనాల విలియం ఫ్రూడ్

ఇంగ్లండులోని డెవన్ మండలమున 1810లో విలియం ఫ్రూడ్ జన్మించెను. ఆక్స్‌ఫర్డులో గణితము నభ్యసించి, ప్రఖ్యాత ఇంజనీరు బ్రూనెల్ కడ రైలుమార్గ నిర్మాణమున పనిచేసెను. చరిత్రకారుడైన జేమ్స్ ఆంథొనీ ఫ్రూడ్ ఇతని తమ్ముడు.

ఆ కాలమున ఓడకు ఎంత శక్తిగల యంత్రము కావలెనో, అది నీట దిగువరకు నిశ్చయముగా తెలిసెడిది కాదు. అపార ధనము కేవలము ఊహపై వ్యయమగుచుండెను. చిన్న నమూనాల నీడ్చి చూచిన ప్రయోజనము లేదని స్కాట్ రస్సెల్ వంటి ఉద్దండులే వాదించిరి. వారి సంశయము నిరాధారము కాదు. నీటి రాపిడియు, అలల వలని నిరోధమును ఒకే లెక్కన పెరుగవు. ఫ్రూడ్ ఆ రెంటిని విడదీసెను. రాపిడిని పలకల నీడ్చి వేరుగా కొలిచెను. నమూనాకు పదునారింతల పొడవుగల ఓడ, దానికి నాలుగింతల వేగమున పోవునపుడు అలల తీరు రెంటికిని సమానమగును. అలల నిరోధము మాత్రము 4096 రెట్లగును.

1868లో అతడు పంపిన ప్రతిపాదనకు 1870లో గాని మంజూరు లభింపలేదు. దస్త్రముల నడక ఎచ్చటనైన నంతియే! నౌకాశాఖ 2000 పౌనులొసగెను, ఫ్రూడ్ వేతనమాశింపలేదు. టార్కీలో తన యింటి చెంతనే 278 అడుగుల తొట్టి కట్టించి, పారఫిన్ మైనముతో నమూనాలు పోయించెను. పని తీరిన నమూనాను కరగించి మరల పోయవచ్చును గదా! గ్రేహౌండ్ అను యుద్ధనౌకను 1871లో మరియొక నౌకచే ఈడ్పించి, త్రాటిపై పడిన బలమును కొలిచెను. నమూనా చెప్పిన లెక్కయు, సముద్రము చెప్పిన లెక్కయు చక్కగా పొసగెను.

1879లో దక్షిణాఫ్రికాకు నౌకాయానము చేసి, సైమన్స్‌టౌనున ఫ్రూడ్ మరణించెను. నౌకాదళ మర్యాదలతో అచ్చటనే ఖననము జరిగెను. కుమారుడు రాబర్ట్ ఎడ్మండ్ ఆ ప్రయోగములను హాస్లారులోని క్రొత్త తొట్టిలో కొనసాగించెను.