గద్దపిల్లకు ఎవరి ప్రాణం పెట్టాలి?

వీధికుక్క కరిచిన బిడ్డను ఆసుపత్రికి మోసుకెళ్లిన తల్లి, అదే వీధిలో కుక్కలకు రోజూ అన్నం పెట్టే సహోదరి, ఇద్దరూ ఆదివారం ఒకే ప్రభువు బల్ల దగ్గరికి వస్తారు. అడవిపందులు పంట తొక్కేస్తుంటే రాత్రంతా చేలో కాపలా కాసే రైతు, సెలవు రోజున సరదాకు పిట్టలు కొట్టడానికి వెళ్లే యువకుడు కూడా మన సంఘాల్లోనే ఉన్నారు. వీరందరికీ జంతువుల ప్రాణం గురించి ఏమి చెప్పాలన్నది కాపరులమైన మాకు తేలికైన విషయం కాదు. అందుకే ఈ వారం, ఆ ప్రశ్నను జీవితమంతా మోసిన ఒక పాస్టరు గారి కుమారుణ్ణి గుర్తుచేసుకోవాలనుకున్నాము. ఆయన డాక్టర్ ఆల్బర్ట్ ష్వైట్జర్.

ఆయన 1875 జనవరి 14న ఆల్సాస్ ప్రాంతంలోని కైజర్స్‌బర్గ్‌లో పుట్టారు. ఆ ప్రాంతం అప్పుడు జర్మనీది, నేడు ఫ్రాన్స్‌ది. తండ్రి గున్స్‌బాక్ అనే చిన్న గ్రామంలో లూథరన్ సంఘ కాపరి. రాత్రి ప్రార్థనలో మనుషుల కోసమే ఎందుకు వేడుకుంటున్నామో ఆ పసివాడికి అర్థమయ్యేది కాదు. తల్లి ప్రార్థన చేయించి, ముద్దుపెట్టి వెళ్లాక, ఊపిరి ఉన్న ప్రతి ప్రాణినీ కాపాడమని దేవునికి మౌనంగా మరొక మనవి చేసుకునేవాడు.

ఏడెనిమిదేళ్ల వయసులో ఒక సంగతి జరిగింది. అవి శ్రమకాలపు దినాలు. స్నేహితుడొకడు, రబ్బరు కట్టిన పంగలకర్రతో పిట్టలను కొడదాం రమ్మన్నాడు. వెళ్లడం ఇష్టం లేదు. వెళ్లకపోతే నవ్వుతాడేమోనని భయం. ఆకులు రాలిన చెట్టు మీద పిట్టలు పాడుతున్నాయి. ఇద్దరూ రాళ్లు పెట్టి గురి చూశారు. సరిగ్గా అప్పుడే గుడి గంటలు మోగాయి. బాలుడు పంగలకర్ర పారేసి, స్నేహితుడి రాయి తగలకుండా పిట్టలను అదిలించి ఎగరగొట్టి, ఇంటికి పరుగెత్తాడు. నరహత్య చేయకూడదన్న ఆజ్ఞలో పిట్టల మాట లేదని వాదించేవారు ఉంటారు. ఆ ఉదయం మాత్రం గంటలు అతని మనసుకు ఆ ఆజ్ఞనే వినిపించాయి. నలుగురు నవ్వుతారన్న భయాన్ని వదిలించుకోవడం ఆ రోజే మొదలైందని ఆయన తరువాత చెప్పుకున్నారు.

పెద్దయ్యాక ఆయనకు లోటేమీ లేదు. స్ట్రాస్‌బర్గ్‌లో వేదాంతశాస్త్ర బోధకుడు, ఐరోపాలో పేరున్న ఆర్గన్ వాద్యకారుడు, బాఖ్ సంగీతం మీద పెద్ద గ్రంథం రాసిన పండితుడు. ముప్పై ఏళ్లు నిండాక మనుషుల సేవకే జీవితం ఇవ్వాలని ఇరవై ఒకటో ఏటనే తీర్మానించుకున్నారు. అన్నమాట ప్రకారం 1905లో వైద్యవిద్యలో చేరారు. యేసు జీవితాన్ని గురించి ఆయన రాసినవాటితో మేము అన్నిచోట్లా ఏకీభవించము. ఆనాటి పారిస్ మిషన్ వారికీ ఆ అభ్యంతరమే ఉండేది. బోధించనని, వైద్యం మాత్రమే చేస్తానని మాట ఇచ్చాకే వారు ఒప్పుకున్నారు. 1913లో భార్య హెలెన్‌తో కలిసి ఆఫ్రికాలోని గాబన్ దేశానికి, ఒగోవే నది ఒడ్డున ఉన్న లాంబరేనేకు చేరారు. ఆయన మొదట రోగులను చూసిన గది అంతకుముందు ఒక కోళ్ల గూడు.

1915 సెప్టెంబరులో, జబ్బుపడిన ఒక మిషనరీ భార్యను చూడటానికి నదిమీద ప్రయాణమయ్యారు. మూడో రోజు సూర్యాస్తమయ వేళ పడవ నీటిగుర్రాల మంద మధ్యగా సాగుతోంది. ఎన్నాళ్లుగానో వెతుకుతున్న మాట అప్పుడు ఆయనకు తట్టింది. జీవం పట్ల భయభక్తులతో కూడిన గౌరవం అన్నదే ఆ మాట. బ్రతకాలని కోరుకునే నేను, బ్రతకాలని కోరుకునే ఇతర ప్రాణుల మధ్య ఉన్నాను గనుక వాటికి బాధ్యుణ్ణి అన్నది దాని సారం.

అయితే ఆ మాటను ఆచరించడం మొదలుపెట్టగానే చిక్కు వచ్చింది. ఇసుకతిన్నె మీద దొరికిన ఒక గద్దపిల్లను ఊరివాళ్లు పట్టుకొచ్చారు. వారి చేతుల్లో హింసపడకుండా ఆయన దాన్ని డబ్బిచ్చి కొన్నారు. అది చేపలు తినే గద్ద. దాన్ని ఆకలితో చావనివ్వాలి, లేదా రోజూ కొన్ని చిన్న చేపలను చంపి పెట్టాలి. మూడో దారి లేదు. ఆయన చేపలనే చంపారు. కానీ ఒక ప్రాణం కోసం మరొక ప్రాణాన్ని బలి ఇస్తున్నది తానేనన్న భారం ఏ రోజూ తగ్గలేదని 1931లో అచ్చయిన ఆత్మకథలో ఒప్పుకున్నారు. సూక్ష్మదర్శిని కింద అతినిద్ర వ్యాధి క్రిములను చూసినప్పుడు కూడా ఆయనకు అదే ఆలోచన వచ్చేది. రోగి బ్రతకాలంటే అవి చావాలి.

ఆయన దగ్గర తుపాకీ కూడా ఉండేది. సరదాకు ఏ జంతువునూ వేటాడలేదు. ఇంటి చుట్టూ తిరిగే పాములనూ, తాటిజాతి చెట్ల మీద గిజిగాళ్ల గూళ్లపై పడే వేటపక్షులనూ మాత్రం కాల్చారు. గద్దపిల్లను పెంచిన చేతులే వేటపక్షిని కాల్చాయి. ఇందులో పొంతన లేదని విమర్శించవచ్చు. తన చేతులు శుభ్రంగా ఉన్నాయని ఆయన ఎన్నడూ చెప్పుకోలేదు. ఆయన ఇచ్చిన కొలమానం ఒక్కటే: అవసరం. పశువుల మేత కోసం గడ్డితో పాటు వేల పూలు కోసిన రైతు తప్పు చేయలేదు. అదే రైతు ఇంటికి వెళ్తూ దారి పక్కనున్న ఒక్క పువ్వును ఊరికే తుంచేస్తే అది తప్పు అని ఆయన బోధించారు.

1935లో భారతీయ చింతన గురించి రాసిన గ్రంథంలో ఆయన అహింసను గౌరవంతో తలచారు. కానీ చంపకుండా పక్కకు తప్పుకోవడంతో పని పూర్తికాదన్నారు. 1928లో గాంధీజీ సబర్మతి ఆశ్రమంలో, నయంకాని బాధతో కొట్టుకుంటున్న ఒక దూడకు మరణం ఇప్పించి ఎన్నో నిందలు పడ్డారు. ష్వైట్జర్ ఆ సంగతిని ప్రస్తావించి, గాంధీజీ పక్షాన నిలిచారు. తీర్చలేని బాధను చూస్తూ ఊరుకోవడం కన్నా దయతో ముగించడమే మేలని ఆయన అభిప్రాయం.

ఆయనలో లోపాలున్నాయి. ఆఫ్రికా ప్రజలకు తాను అన్నగారినన్నట్టు ప్రవర్తించారని, వారిని సమానులుగా చూడలేదని వచ్చిన విమర్శ న్యాయమైనదే. ఆసుపత్రి ఆవరణలో మేకలు, కోళ్లు, కోతులు తిరుగుతుంటే చూసినవారు పరిశుభ్రతను ప్రశ్నించారు. ప్రాణులను ప్రేమించిన మనిషి పక్కనే ఉన్న మనిషిని తక్కువగా చూడటం మనకూ హెచ్చరికే. 1952 సంవత్సరపు నోబెల్ శాంతి బహుమతి సొమ్మును ఆయన కుష్ఠురోగుల నివాసాలకు వెచ్చించారు. 1965 సెప్టెంబరు 4న లాంబరేనేలోనే కన్నుమూశారు. సమాధి ఆ నది ఒడ్డునే ఉంది.

ప్రియ సహోదరీ సహోదరులారా, సామెతల గ్రంథం 12వ అధ్యాయం నీతిమంతుణ్ణి అతని పశువుల దగ్గర చూడమంటుంది. మేము చెప్పదలచినది ఇంతే. పంట కాపాడుకునే రైతును మేము పాపి అనము. కానీ చేను చుట్టూ దొంగతనంగా కరెంటు తీగ పెడితే అది పందితోపాటు పొరుగువాడి ప్రాణమూ తీస్తుంది. వినోదానికి పిట్టను కొట్టే యువకుడికి ఏ అవసరమూ లేదు. అతడు మానుకోవాలి. కుక్కలకు అన్నం పెట్టే సహోదరి దయ మంచిదే. కానీ వాటికి రేబీస్ టీకా, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించే బాధ్యత కూడా ఆ దయలో భాగమే. లేకపోతే ఆ దయకు మూల్యం వీధిలోని బిడ్డ చెల్లిస్తుంది. ఆ ఖర్చు ఆమె ఒక్కతే మోయలేకపోతే సంఘం చేయి వేయాలి. ఇక జంతువులను చేరదీసే ఆశ్రమాలు నడిపేవారు, ఎన్నింటిని తెచ్చామన్నది కాక, తెచ్చినవాటిని ఎలా పోషిస్తున్నామన్నది లెక్కపెట్టుకోవాలి. ఇరుకు బోనులో ఆకలితో ఉంచడం రక్షణ కాదు.

వచ్చే ఆదివారం ఆరాధనకు గంట మోగినప్పుడు, ఆ తల్లీ ఆ సహోదరీ ఒకరితో ఒకరు మాట్లాడుకునేలా కాపరులు చొరవ తీసుకోవాలని మా మనవి.