మొక్కజొన్న చేనులో బార్బరా మెక్‌క్లింటాక్

ఈమె 1902 జూన్ 16న అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో జన్మించింది. ఎక్కువ చదివితే పెళ్లి కాదని తల్లి కాలేజీ వద్దంది, తండ్రి పంపించాడు. 1919లో కార్నెల్‌లో చేరింది.

మొక్కజొన్న తనే నాటి, దాని కణాల్లోని క్రోమోజోములను మైక్రోస్కోపులో చూసేది. తెగిన కొసలు ఒకదానికొకటి అతుక్కుపోతున్నాయి, అసలు కొసలు మాత్రం అతుక్కోవడం లేదు. ఈ సంగతి 1930ల చివర్లో గమనించింది. ఆ కొసలే టెలోమియర్లు. వాటికి కొన్ని ప్రొటీన్లు కాపలా ఉంటాయని తర్వాత తేలింది. మనకీ, సముద్రంలో దిబ్బలు కట్టే పగడపు జీవులకీ టెలోమియర్లు ఉన్నాయి.

జన్యువులు చోటు మారతాయని 1951లో చెబితే చాలామంది నమ్మలేదు. ఆమె పని మానలేదు. ఆ పనికే 1983లో, 81 ఏళ్ల వయసులో నోబెల్ వచ్చింది. 1992లో చనిపోయింది.

మనం నిజం చెప్పినా ఎవరూ నమ్మనప్పుడు ఈమెను గుర్తు చేసుకుందాం.