బడిలో పిల్లోడి మాటకి చోటడిగిన పంతులు

నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి. ఈ తోటల్లో పెరిగిన పదేళ్ళ పిల్లోడిని మామిడి గురించి అడిగి చూడండి. పూత ఎప్పుడొచ్చిద్దో, తేనెమంచు పురుగు పడితే ఏమైద్దో, చిన్నరసానికీ పెద్దరసానికీ తేడా ఏంటో, ఈదురుగాలికి రాలిన కాయ ఎంత చవగ్గా పోద్దో గడగడా చెప్తాడు. అదే పిల్లోడి చేతికి తెల్లకాయితం ఇచ్చి మామిడి మీద వ్యాసం రాయమనండి. మామిడి ఫలములలో రారాజు అని మొదలుపెడతాడు. దీనివలన మనకు అనేక ఉపయోగములు కలవు అంటాడు. అక్కడితో ఆగిపోతాడు. ఆ రెండు వాక్యాలూ వాడివి కావు, గైడులోవి.

వాడికి తెలివి లేక కాదు. తన నోట్లో మాట కాయితం మీదకి పనికిరాదని వాడికి చిన్నప్పుడే అర్థమైపోయింది. ఈ జబ్బు నూరేళ్ళ పైబడింది. దీన్ని పట్టుకుని ముప్పై ఏళ్ళకి పైగా కొట్లాడిన మనిషి గిడుగు వెంకట రామమూర్తి. ఆయన్ని మనం ఏడాదికోసారి ఫోటోకి దండేసే పెద్దమనిషిగానే చూస్తన్నాం. ఆయన ముందు బడిపంతులు. ఆ కొట్లాట కూడా పిల్లల చదువూ రాతా దగ్గరే మొదలైంది.

ఆయన పుట్టింది 1863 ఆగస్టు 29న, శ్రీకాకుళం వైపు, వంశధార ఒడ్డున పర్వతాలపేటలో. పన్నెండేళ్ళు వచ్చేసరికి తండ్రి పోయాడు. చదువు కోసం విజయనగరం చేరాడు. అక్కడ ఆయనతో చదివినవాడే గురజాడ అప్పారావు. మెట్రిక్యులేషన్ అవ్వగానే ఇల్లు గడవాలి కాబట్టి 1880లో పర్లాకిమిడి రాజావారి బళ్ళో ఉద్యోగంలో చేరాడు. అప్పటికి పదిహేడేళ్ళు. ఉద్యోగం చేస్తానే ప్రైవేటుగా బీఏ కట్టి పాసయ్యాడు. దగ్గర్లోనే ఉన్న ముఖలింగం గుడికి పోయి, గోడల మీద పాత శాసనాల్ని చదవడం తనంతట తనే నేర్చుకున్నాడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొచ్చిద్ది.

పర్లాకిమిడి చుట్టూ కొండల్లో సవరలు ఉంటారు. వాళ్ళ భాషకి అప్పటికి రాత లేదు. కొండ దిగిన పిల్లోడికి తెలుగు బడి అంటే అర్థంకాని గోల. ముందు తెలుగు నేర్చుకుని అప్పుడు రా అని ఆ పిల్లోడికి చెప్పడం తేలిక. గిడుగు ఆ పని చెయ్యలా. సవర తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష తనే నేర్చుకున్నాడు. పాటలూ కథలూ రాసుకున్నాడు. వాళ్ళ భాషలోనే వాచకాలు తయారుచేశాడు. సొంత డబ్బుతో బళ్ళు నడిపి, పిల్లలకి ఇంట్లో అన్నం పెట్టి చదివించాడు. మలేరియా జ్వరానికి వాడిన క్వినైన్ వల్ల చెవుడు వచ్చిందంటారు. వినపడకపోయినా పని ఆపలా. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర నిఘంటువు అచ్చయినై. ఒక భాషకి మొదటి వ్యాకరణం రాయాలంటే ఏళ్ళ తరబడి మనుషుల నోటి వెంట వచ్చే మాటని వినాల్సిందే. చెవుడొచ్చిన పంతులు ఆ పని చేసి చూపించాడు.

ఇక్కణ్ణుంచే ఆయన తెలుగు వైపు తిరిగాడు. 1906, 1907 ప్రాంతంలో జె.ఎ.యేట్స్ అనే ఇంగ్లీషు దొర ఉత్తర జిల్లాల బళ్ళకి ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. తను పుస్తకాల్లో నేర్చుకున్న తెలుగు వేరు, ఊళ్ళో జనం మాట్లాడేది వేరు. ఇదేంటి ఇట్టా ఉందని అడిగితే, విశాఖలో కాలేజీ ప్రిన్సిపాలుగా ఉన్న పి.టి.శ్రీనివాస అయ్యంగారు ఆయన్ని గురజాడ దగ్గరికీ గిడుగు దగ్గరికీ పొమ్మన్నాడు. పరాయివాడి ప్రశ్న ఈ పంతులికి సూటిగా తగిలింది. సవర పిల్లోడికి వాడి భాషలో చదువు చెప్పాలన్న తనే, తెలుగు పిల్లోడికి వాడు మాట్లాడని తెలుగులో చెప్తన్నాడు.

అప్పటి బడి సంగతి చూడండి. పిల్లోడు వ్యాసం రాయాలంటే గ్రాంథికంలోనే రాయాలి. వాడి తలకాయ సగం అరసున్నా ఎక్కడ పెట్టాలి, సంధి ఎక్కడ చెయ్యాలి అన్న భయంతోనే నిండిపోయేది. ఏం చెప్పాలో ఆలోచించడానికి మిగిలేది కొంచెం. ఎక్కువ తప్పులు పడితే మార్కులు పోతై కాబట్టి తెలిసిన నాలుగు ముక్కలే తిప్పి తిప్పి రాసేవాళ్ళు. వాక్యం బలహీనంగా ఉందంటే పిల్లోడి దగ్గర సరుకు లేదని కాదు, సరుకు పోసుకోవడానికి వాడి గంప వాడికివ్వలేదని. గిడుగు వాదం స్థూలంగా ఇదే.

1911లో ఉద్యోగం నుంచి దిగిపోయాక ఆయన పూర్తిగా దీని మీదే పడ్డాడు. స్కూల్ ఫైనల్‌లో వ్యాసం వాడుక భాషలో రాసుకోవచ్చని కొన్నాళ్ళు అనుమతి వచ్చింది. జయంతి రామయ్య పంతులు లాంటి పెద్దలు గట్టిగా ఎదురుతిరిగారు, ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఊరూరా సభలు పెట్టింది, ఇచ్చిన అనుమతి వెనక్కి పోయింది. 1915లో గురజాడ చనిపోయాడు. గిడుగు ఆగలా. 1919లో రాజమండ్రిలో వాడుక భాష కోసం సమాజం పెట్టారు. దానికి అధ్యక్షుడు కందుకూరి వీరేశలింగం. ఆ ఏడే గిడుగు తెలుగు అన్న పేరుతో పత్రిక నడిపాడు. చివరికి 1924లో సాహిత్య పరిషత్తే కాకినాడలో వాడుక భాష మీద పెట్టిన నిషేధం ఎత్తేసింది. పాఠ్యపుస్తకాల్లోకి ఆ మార్పు రావడానికి మాత్రం ఇంకా దశాబ్దాలు పట్టింది.

ఆయన గెలిచింది కేకలేసి కాదు. శాసనాలు చదివిన కళ్ళు కదా, పాత కావ్యాలూ వ్యాఖ్యానాలూ గాలించి, మీరు తప్పంటన్న రూపాలు పెద్ద పెద్ద కవులే వాడారని పేజీలతో సహా చూపించాడు. గ్రాంథికం రాయాలన్న పండితుల రాతల్లోనే గ్రాంథికం తప్పులు ఏరి చూపించాడు. పెద్దవాళ్ళే సరిగ్గా రాయలేని భాషని పన్నెండేళ్ళ పిల్లోడు ఎట్టా రాస్తాడండీ?

వాడుక భాష అంటే నోటికొచ్చింది రాసేయడమని ఆయన ఎప్పుడూ అనలా. ఎవరికైనా తెలిసిన భాషలోనే తన తప్పు తనకి కనపడుద్ది. పరాయి భాషలో సారు ఎర్రగీత గీస్తేగానీ తెలియదు. మన పిల్లోడి సంగతికే వద్దాం. మొన్నటి గాలికి ఏమైందో ముందు నోటితో చెప్పమనండి. చెప్పింది చెప్పినట్టు రాయమనండి. పైకి చదవమనండి. నాలిక తడబడిన చోట వాక్యం బాలేదని వాడికే తెలిసిపోద్ది. రెండు సంగతులు ఇరుక్కున్న వాక్యాన్ని రెండుగా విరవమనండి. కొమ్మ విరిగిందీ, కాయ రాలిందీ ఒక పేరాలో పెట్టి, నాన్న రాలగాయల్ని ఏం చేశాడో ఇంకో పేరాలో పెట్టమనండి. ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, తర్వాతేంటి అని అడుగుతా పోతే పేరా తనంతట తనే నిలబడుద్ది. చెయ్యబడినది, కలదు లాంటి మాటలు వాడి రాతలోకి అసలు రావు.

ఒక మాట మాత్రం మనం దాచిపెట్టకూడదు. గిడుగు అడిగింది శిష్ట వ్యావహారికం, అంటే చదువుకున్నోళ్ళు మాట్లాడే తెలుగు. ఆయన కాలానికి అదే పెద్ద అడుగు. తర్వాత పత్రికల్లో స్థిరపడింది ఎక్కువగా కృష్ణా, గోదావరి జిల్లాల చదువుకున్నోళ్ళ మాట. ఉత్తరాంధ్ర, రాయలసీమ, తెలంగాణ పిల్లలు మళ్ళీ తప్పుగాళ్ళయ్యారు. మన జిల్లా మాటే గెలిచిందని మనం మురవక్కర్లా. నూజివీడు తోటల్లో కాయలు కోసే కూలీ కొడుకు వచ్చిద్ది అని రాస్తే ఈ రోజుకీ ఎర్రగీతే పడుద్ది. గిడుగు సగం దారి వేశాడు. మిగతా సగం మనది.

1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులోకి పోతే, డెబ్బై ఏళ్ళు దాటిన వయసులో, యాభై ఏళ్ళకి పైగా బతికిన ఊరొదిలి రాజమండ్రి వచ్చేశాడు. 1940 జనవరి 22న కన్నుమూశాడు. ఆయన పుట్టినరోజుని తెలుగు భాషా దినోత్సవం అంటన్నాం.

ఆ రోజు బళ్ళో జరిగేదేంటో మీకు తెలుసు. సారు రాసిచ్చిన ఉపన్యాసం పిల్లోడు బట్టీపట్టి చదువుతాడు, అందరూ చప్పట్లు కొడతారు. వచ్చే ఆగస్టు 29న మీ ఊరి బడికి పొండి. అదే పిల్లోడికి కాయితం ఇచ్చి, మీ ఇంట్లో ఈ ఏడు కాపు ఎట్టా వచ్చిందో నీ మాటల్లో రాయరా అనండి. రాశాక ఒక్క ఎర్రగీతా గీయకుండా చివరిదాకా చదవండి. దండ వేసినా వెయ్యకపోయినా ఫర్లేదు.