రాత్రి ఊరు చూసిన రాజు

మారువేషం వేసుకుని రాత్రిపూట ఊరు చూడబోయే రాజుల కథలు చిన్నప్పుడు మనందరం విన్నవే. బాగ్దాదు ఖలీఫా హరూన్ అల్ రషీదు కథలు కొందరు చదివి ఉంటారు కూడా. అలాంటి రాజు మనకూ ఒకాయన ఉన్నాడనీ, ఆయన తిరిగింది మన హైదరాబాదు గల్లీల్లోనేననీ ఎంతమందికి తెలుసు? ఆయనే ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్. పోయి నూరేళ్లు దాటినా పాతబస్తీలో ఆయన రాత్రి తిరుగుళ్ల ముచ్చట్లు ఇంకా చెప్పుకుంటూనే ఉన్నారు.

నేను పుట్టిన సిరిసిల్ల, కోడలిగా అడుగుపెట్టిన కోరుట్ల, ఇప్పుడు కాపురముంటున్న జగిత్యాల, ఈ మూడూ ఆయన ఏలుబడిలో ఉన్న ఊళ్లే. జగిత్యాల, సిరిసిల్ల అప్పట్లో ఎలగందుల జిల్లా తాలూకాలు. ఆ జిల్లా 1905లో కరీంనగర్ జిల్లా అయిందీ ఆయన కాలంలోనే. కోరుట్లలో చేత్తో తయారుచేసే కాగితం మీద పట్వారీలు ఊరి లెక్కలు రాసేవారు. అంటే మా వైపు నుంచి పట్నం చేరేవి లెక్కలూ, శిస్తూనూ. లెక్కల్లో ఎకరాలుంటాయి, రూపాయలుంటాయి. మనుషుల మొహాలుండవు. వాటిని చూడాలనే రాజు రాత్రిళ్లు బయటికి నడిచాడేమో అనిపిస్తుంది నాకు.

ఆయన బాల్యం తలుచుకుంటే జాలేస్తుంది. పుట్టింది 1866 ఆగస్టు 17న. మూడేళ్లు కూడా నిండకుండానే, 1869లో తండ్రి అఫ్జలుద్దౌలా పోయాడు. పాలు మరిచీ మరవని పిల్లాణ్ని గద్దె మీద కూర్చోబెట్టారు. రాజ్యం మాత్రం దివాను మొదటి సాలార్‌జంగ్ చేతుల మీదుగా నడిచింది. 1883లో సాలార్‌జంగ్ కలరాతో ఒక్కసారిగా కన్నుమూశాడు. ఆ మరుసటి ఏడు, 1884 ఫిబ్రవరి 5న, వైస్రాయి లార్డ్ రిపన్ స్వయంగా హైదరాబాదు వచ్చి రాజుకు పూర్తి అధికారాలు అప్పగించాడు. అప్పటికి ఆయనకు పదిహేడేళ్లు. మన ఇళ్లల్లో ఆ వయసు పిల్లలు ఇంటర్ చదువుతూ, టిఫిన్ నచ్చలేదని అలుగుతుంటారు!

ఊహ తెలిసిన దగ్గర్నుంచీ ఎదురొచ్చిన ప్రతివాడూ వంగి సలాము చేసేవాడే. అలా పెరిగిన మనిషికి నిజం చెప్పేవాళ్లెవరు? పగటిపూట దర్బారులో వినపడేవి పొగడ్తలు. నిజం వినాలంటే రాజుగా ఉండకూడదు. దీపాలు సన్నగిల్లే వేళ మామూలు బట్టలు కట్టుకుని, గుర్తుపట్టే మందీమార్బలాన్ని వెనకే వదిలి, ఆయన గల్లీల్లో తిరిగేవాడని జనం చెప్పుకుంటారు. ఎక్కడ ఎవరు ఆకలితో ఉన్నారు, ఎవరు ఏమని తిట్టుకుంటున్నారు, అంతా చెవులారా విని, కష్టంలో ఉన్నవాళ్లకి చేతనైనంత ఇచ్చి వచ్చేవాడట.

ఇందులో ఓ చమత్కారం ఉంది. పురానీ హవేలీలో ఉన్న నిజాం మ్యూజియానికి పోతే ఆయన బట్టల బీరువా చూడొచ్చు. బీరువా అంటే మన బెడ్‌రూములో ఉండేలాంటిది కాదు. రెండంతస్తుల్లో, హాలు ఈ చివర నుంచి ఆ చివరి దాకా సాగే టేకు అల్మారాలు. పై అంతస్తుకు పోవడానికి చేత్తో తిప్పే లిఫ్టు ఒకటి. ఒకసారి కట్టిన బట్ట మళ్లీ కట్టేవాడు కాదని ప్రతీతి. అన్ని జతలున్న మనిషికి అన్నిటికన్నా పనికొచ్చింది ఎవరూ గుర్తుపట్టని ఆ ముతక జతేనన్నమాట!

అలాగని ఆయన్ని దేవుణ్ని చేయక్కర్లేదు. విలాసాలకు లోటు లేని రాజు. వేట పిచ్చి ఉండేది. 1891లో జాకబ్ అనే వర్తకుడి దగ్గర ఓ పెద్ద వజ్రానికి 46 లక్షల రూపాయలకు బేరం కుదుర్చుకుని, అది కాస్తా తగాదా అయి కలకత్తా హైకోర్టు దాకా పోయింది. చివరికి వజ్రమైతే దక్కింది గానీ, దాని మీద ఆయనకు మనసు విరిగిపోయింది. తర్వాత ఆయన కొడుక్కు అది పాత చెప్పులో దొరికిందని కథ. ఇంత దుబారా చేసిన రాజునే జనం మహబూబ్ పాషా అని నోరారా పిలుచుకున్నారు. మహబూబ్ అంటే ప్రియమైనవాడని అర్థం. ఆయన పేరు తలిస్తే పాము విషం దిగిపోతుందని నమ్మేవారు. నమ్మకం సంగతి అలా ఉంచండి, పాము కరిచినవాళ్లొస్తే అర్ధరాత్రయినా తనను లేపమని నౌకర్లకు చెప్పి ఉంచాడంటారు. రాత్రి నిద్ర మానుకుని తమ గోడు విన్నవాణ్ని జనం మరిచిపోరు.

ఈమధ్య పట్నంలో చుట్టాలింటి పెళ్లికి పోయినప్పుడు, రాత్రి పది దాటాక మావారినీ మా అమ్మాయినీ వెంటబెట్టుకుని చార్మినార్ నుంచి పురానీ హవేలీ వైపు నడిచాను. మనం ఎప్పుడూ పగలే పోతాం. చార్మినార్ ముందు ఫొటో దిగి, లాడ్‌బజార్‌లో గాజులు కొని, బస్సెక్కేస్తాం. జనం పల్చబడ్డాక ఆ వీధుల సంగతే వేరు. సగం దించిన షట్టర్లు, కడిగి బోర్లించిన డేగిసాలు, అరుగుల మీద ముచ్చట్లు. ఓ పాత కమాను కింద కాసేపు నిలబడ్డాను. మావారు నాలుగడుగులు ముందున్నారు. ఆ అయిదు నిమిషాల్లో ముగ్గురు వచ్చి నన్నూ, మా అమ్మాయినీ దారి తప్పారా అని అడిగారు. అంతా మర్యాదగానే అడిగారు, కాదనను. మావారిని మాత్రం ఒక్కరూ అడగలేదు.

అప్పుడనిపించింది, రాత్రి ఊరు చూడాలంటే రాజుకు మారువేషం చాలింది. ఆయన జనానాలో పరదాల చాటున బతికిన ఆడవాళ్లకు ఏ వేషం సరిపోతుంది? అయితే ఒక్క మాట చెప్పాలి. 1907లో ఆయన పేరు మీదే మహబూబియా బాలికల పాఠశాల మొదలైంది. రాత్రి కాకపోయినా పగటి వాకిలి ఒకటి ఆడపిల్లలకు తెరుచుకుంది.

మరుసటి ఏడే మూసీ పొంగింది. 1908 సెప్టెంబర్ 28. తెల్లారేసరికి నగరం నీళ్లలో ఉంది. సుమారు 15 వేల మంది పోయారు. అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి తోటలో చింతచెట్టెక్కి నూట యాభై మంది దాకా బతికారు. నిజాం తన మహళ్ల తలుపులు తెరిపించి జనానికి నీడా, అన్నమూ పెట్టించాడు. అన్నం పెట్టడం ధర్మమే, కాదనం. కానీ ఆ నదిని కట్టడి చేసింది దానం కాదు. 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి ఆలోచన అడిగారు. ఆయన చెప్పినట్టు ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. అవి చూడ్డానికి మహబూబ్ పాషా లేడు. 1911 ఆగస్టు 29న ఫలక్‌నుమాలో, నలభై అయిదేళ్లకే కన్నుమూశాడు. మక్కా మసీదులో ఆయన సమాధి ఉంది.

ఆయన కథలో నాకు దొరికిన నీతి ఇదే. మంచి రాజు రాత్రి తిరిగితే ఆ రాత్రి ఎదురుపడ్డ నలుగురు బాగుపడతారు. చెరువుకు కట్ట వేస్తే కళ్లకు కనపడనివాళ్లూ బతుకుతారు. ఆడవాళ్ల రాత్రులకూ అంతే. ఎవరో మంచివాడు ఎదురొచ్చి దారి చూపడం కాదు మనక్కావాల్సింది. వెలిగే వీధిదీపం, టైముకొచ్చే ఆఖరి బస్సు, నడవడానికి ఇంత ఫుట్‌పాత్. అవే మన కట్టలు.

మా జగిత్యాలలోనైనా, కోరుట్లలోనైనా, సిరిసిల్లలోనైనా సద్దుల బతుకమ్మ రాత్రి చూడండి. చిన్నపిల్లల నుంచి ముసలమ్మల దాకా పూలు నెత్తిన పెట్టుకుని వీధులన్నీ నిండిపోతాం. ఆ రాత్రి ఎవరూ మనల్ని దారి తప్పారా అని అడగరు. ఏడాదిలో ఒక్క రాత్రి వచ్చే ఆ ధీమా మిగతా రాత్రులకూ రావాలంటే ఏం చేయాలో, ఇంట్లో మగవాళ్లను కూడా కూర్చోబెట్టి మాట్లాడుకుందామా?