మేలుజాతి చేపకు లెక్క నేర్పిన హాల్డేన్

శీలవతి, బొచ్చె పిల్లలను కొని చెరువులో వదిలే రైతుకు జె.బి.ఎస్. హాల్డేన్ పేరు తెలిసి ఉండకపోవచ్చు. ఆయన చేపల చెరువు తవ్వించలేదు, హేచరీ నడపలేదు. భారతదేశంలో స్థిరపడ్డాక మాంసాహారమే మానివేశారు. అయినప్పటికీ ఒక జాతి తరతరానికి ఎలా మారుతుంది, ఎందువల్ల క్షీణిస్తుంది అన్న ప్రశ్నలకు గణితశాస్త్ర పునాది వేసిన ముగ్గురిలో ఆయన ఒకరు. మిగిలిన ఇద్దరు బ్రిటన్‌కు చెందిన ఫిషర్, అమెరికాకు చెందిన సీవాల్ రైట్. ఈ ముగ్గురిలో భారత పౌరసత్వం స్వీకరించి, మరణానంతరం తన దేహాన్ని తెలుగునేలకు అప్పగించినది హాల్డేన్ ఒక్కరే.

1892 నవంబర్ 5న ఆక్స్‌ఫర్డ్‌లో ఆయన జన్మించారు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ శ్వాసక్రియపై పరిశోధనలతో ప్రసిద్ధి పొందిన శాస్త్రవేత్త. కుమారుడు చదివినది గణితం, ప్రాచీన సాహిత్యం. సోదరి నవోమీతో కలిసి ఎలుకలను పెంచి, అనువంశికతపై 1915లో తొలి పరిశోధన పత్రం వెలువరించారు. అప్పటికే ఆయన మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికాధికారిగా ఉన్నారు. మెసపొటేమియాలో గాయపడి చికిత్స కోసం భారతదేశానికి వచ్చినప్పుడే ఈ దేశంపై మక్కువ ఏర్పడింది.

1924 నుంచి దాదాపు పదేళ్లపాటు ఆయన వరుసగా రాసిన పత్రాలు జీవశాస్త్రం తీరునే మార్చాయి. ప్రయోజనకరమైన ఒక లక్షణం కొద్ది జీవుల్లో తలెత్తితే, అది జాతి అంతటా వ్యాపించడానికి ఎన్ని తరాలు పడుతుందో లెక్క కట్టవచ్చునని నిరూపించారు. ప్రకృతి చేసే ఎంపికకు వర్తించే ఈ సూత్రమే మనిషి చేసే ఎంపికకూ వర్తిస్తుంది. పశువుల పెంపకందారులు ఈ విద్యను ముందుగా అందుకున్నారు. 1970 దశకంలో నార్వే శాస్త్రవేత్తలు దానిని సాల్మన్ చేపకు అన్వయించారు.

1957 జూలై 10న నాటి ఒరిస్సాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి పీయూష గ్రంథి రసాన్ని సూదిమందుగా ఇచ్చి, నిలువ నీటిలో గుడ్లు పెట్టని కార్పు చేపల చేత గుడ్లు పెట్టించారు. అదే నెలలో హాల్డేన్ దంపతులు లండన్ విడిచి కలకత్తాకు బయలుదేరారు. సూయజ్ కాలువపై బ్రిటన్ జరిపిన దాడికి నిరసనగానే దేశం వీడుతున్నట్లు ఆయన ప్రకటించారు. ఈ రెండు సంఘటనలకూ పరస్పర సంబంధం లేదు. కాగా మొదటిది చేపపిల్లల కొరత తీర్చింది. పిల్లల నాణ్యత ప్రశ్నకు సమాధానం రెండవ వ్యక్తి శాస్త్రంలో ఉన్నది.

కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ధోవతి, కుర్తా ధరించి ఆయన పని ప్రారంభించారు. ఖరీదైన యంత్రాలు లేకున్నా కళ్లు, కాగితం, ఓపిక ఉంటే గొప్ప జీవశాస్త్రం సాధ్యమేనన్నది ఆయన నమ్మకం. భార్య హెలెన్ స్పర్వే గప్పీ చేపల అనువంశికతను శోధించిన శాస్త్రవేత్త. నీటి పైకి వచ్చి గాలి పీల్చే అనబాస్ చేప శ్వాసక్రియపై దంపతులిద్దరూ కలిసి రాసిన పత్రం 1963లో వెలువడింది. తండ్రి మనుషుల ఊపిరిని కొలిస్తే కుమారుడు చేప ఊపిరిని కొలిచారన్నమాట.

ఆయన శిష్యులలో పిఠాపురానికి చెందిన కృష్ణ ద్రోణంరాజు ఒకరు. ద్రోణంరాజు, మీరాఖాన్ కలిసి ఆంధ్రప్రదేశ్‌లో రక్తసంబంధీకుల వివాహాలను పరిశీలించి 1963లో ఫలితాలు ప్రచురించారు. మేనత్త, మేనమామ పిల్లల మధ్య వివాహమైతే సంతానంలో ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుని నుంచి రావడానికి 16లో ఒక వంతు అవకాశం ఉంటుంది. మేనమామ, మేనకోడళ్ల వివాహంలో అది 8లో ఒక వంతు. తోబుట్టువులైన చేపలు జతకడితే ఏకంగా 4లో ఒక వంతు. దాగి ఉన్న లోపాలు బయటపడేది అలాంటి సంతానంలోనే.

1961లో భారత పౌరుడైన హాల్డేన్, మరుసటి ఏడాది ఒరిస్సా ప్రభుత్వ ఆహ్వానంపై భువనేశ్వర్‌లో జన్యుశాస్త్ర ప్రయోగశాల నెలకొల్పారు. 1964 డిసెంబర్ 1న క్యాన్సర్‌తో అక్కడే మరణించారు. ఆయన కోరిక ప్రకారం దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు.

అదే భువనేశ్వర్ శివార్లలోని కౌసల్యాగంగలో 1992లో నార్వే సహకారంతో శీలవతి మెరుగుదల పథకం మొదలైంది. గంగ, యమున, గోమతి, సట్లెజ్, బ్రహ్మపుత్ర నదుల నుంచి తెచ్చిన చేపలను హేచరీ చేపలతో జోడించారు. ప్రతి కుటుంబం పిల్లలను విడిగా పెంచి, గుర్తులు వేసి, బరువు తూచి, వేగంగా ఎదిగిన కుటుంబాల నుంచే తదుపరి తల్లిదండ్రులను ఎంచారు. బంధువులు జతకట్టకుండా వంశావళి రాసుకున్నారు. ఎదుగుదల తరానికి సగటున 17 శాతం పెరిగింది. స్వాతంత్ర్య స్వర్ణోత్సవ సంవత్సరమైన 1997లో విడుదలైనందున ఈ రకానికి జయంతి అని పేరు పెట్టారు.

చిక్కు వచ్చేది హేచరీలోనే. ఒక్క తల్లి శీలవతి లక్షల గుడ్లు పెడుతుంది. కనుక నాలుగైదు జతలతోనే వ్యాపారం సాగిపోతుంది. కొత్త తల్లిచేపలకు డబ్బు ఖర్చు చేయడమెందుకని సొంత చెరువులోని పిల్లలనే మళ్లీ తల్లులుగా వాడితే తోబుట్టువులకే పెళ్లి చేసినట్లవుతుంది. కర్ణాటక హేచరీలపై 1990లో వెలువడిన అధ్యయనం ఈ రకమైన అంతఃప్రజనన రేటు 2 నుంచి 17 శాతం దాకా ఉన్నట్లు అంచనా వేసింది. కొల్లేటి తీరం రైతయినా, బీజాపూర్ జిల్లా భోపాలపట్నం పరిసరాల తెలుగు రైతయినా ప్లాస్టిక్ సంచిలో ఈదే వేలెడు పిల్లను చూసి దాని తల్లిదండ్రులు అన్నాచెల్లెళ్లో కాదో చెప్పలేడు. ఎదుగుదల తగ్గినట్లు ఆయనకు తెలిసేది మేత ఖర్చంతా పెట్టిన తర్వాత, పట్టుబడి రోజున కాటా మీదే.