ఓటు ఇచ్చారు సరే, పెత్తనం ఎవరిది?

నందమూరి తారక రామారావు 1923లో కృష్ణా జిల్లా నిమ్మకూరులో పుట్టారు. కుర్రతనంలో బెజవాడ హోటళ్లకు పాలు పోశారు. సినిమాల్లో జనానికి దేవుడయ్యారు. 1982లో పార్టీ పెట్టి, ఏడాది తిరక్కుండానే ముఖ్యమంత్రి అయ్యారు. సమితులు తీసేసి మండలాలు తెచ్చారు. 1987లో మండలాధ్యక్షుణ్ణీ, జడ్పీ ఛైర్మన్నీ జనమే నేరుగా ఎన్నుకున్నారు. కానీ ఎన్నికలు నడిపే పెత్తనం సర్కారు దగ్గరే ఉండిపోయింది. 1993లో అమల్లోకొచ్చిన 73వ రాజ్యాంగ సవరణ ఆ పెత్తనాన్ని ఎన్నికల కమిషన్‌కిచ్చింది. ఆ నేరు ఓటు మాత్రం పోయింది.

1996లో అన్నగారు కన్నుమూశారు. 2020లో సర్కారు ఆర్డినెన్స్‌తో పదవీకాలం కుదించి కమిషనర్‌నే ఇంటికి పంపితే, హైకోర్టు కొట్టేసింది. గద్దెనెక్కినోళ్లకి అంపైర్ కూడా తమవాడే కావాలి. కాకుండా చూసుకోవాల్సింది ఓటున్న మనమే.